విదేశీ ఇంటర్న్‌షిప్: అక్కడ ఉండగా చేయాల్సినవి, తిరిగొచ్చాక చేయాల్సినవి

విదేశంలో ఇంటర్న్‌షిప్ చేసొచ్చిన విద్యార్థికి తర్వాత ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి మూలం, అక్కడ ఉండగా అడిగి తీసుకోకుండా వదిలేసిన కాగితాలే. యూనివర్సిటీలో క్రెడిట్లు ఆగిపోతాయి. జీతంలో కోసిన పన్ను వెనక్కి రాదు. గదికి కట్టిన డిపాజిట్ మునుగుతుంది. రికమెండేషన్ లెటర్ అడుగుదామంటే సూపర్‌వైజర్ అప్పటికే వేరే కంపెనీకి వెళ్లిపోయి ఉంటారు. సంతకం, స్టాంపు, ఆఫీసు సిస్టంలోకి లాగిన్ మీరు అక్కడున్నంత కాలమే అందుబాటులో ఉంటాయి. కాబట్టి ‘తర్వాత’ పనికొచ్చేవాటిలో సగానికి పైగా మొదటి నెల నుంచే చేసుకుంటూ పోవాలి.

దిగిన మొదటి రెండు వారాలు

చాలా దేశాల్లో అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది చిరునామా నమోదు. జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా స్థానిక నమోదు కార్యాలయంలో పేరు రాయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం పెట్టిన ధ్రువీకరణ పత్రం తప్పనిసరి. జపాన్‌లో మూడు నెలలకు మించి ఉండే వీసా అయితే నరిటా, హనేడా లాంటి పెద్ద విమానాశ్రయాల్లోనే రెసిడెన్స్ కార్డు ఇస్తారు. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోగా దాన్ని పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి చిరునామా ఎక్కించుకోవాలి. అమెరికాకు జే-1 వీసా (ఇంటర్న్‌లు, విద్యార్థుల్లాంటివాళ్లకు ఇచ్చే మార్పిడి కార్యక్రమాల వీసా) మీద వెళ్లినవాళ్లు దిగిన వెంటనే ఆ కార్యక్రమం నడిపే స్పాన్సర్ సంస్థకు చేరినట్టు తెలపాలి, ఇల్లు మారితే 10 రోజుల్లోగా కొత్త చిరునామా చెప్పాలి. అమెరికాలో ఇంకో పని కూడా ఉంది. దేశంలోకి మీ ప్రవేశాన్ని నమోదు చేసే ఐ-94 రికార్డును ఆన్‌లైన్‌లో తీసి పేరు, వీసా రకం, తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. తప్పు దొర్లితే మొదటి వారంలో దిద్దించుకోవడం సులువు, ఆరు నెలల తర్వాత చాలా కష్టం.

ఈ నమోదును ‘వచ్చే వారం చూద్దాం’ అనుకుంటే ఏమవుతుందో జర్మనీలో స్పష్టంగా కనిపిస్తుంది. తక్కువ అద్దెకు దొరికిందని యజమాని కాగితం ఇవ్వని గదిలో దిగుతారు. కాగితం లేక నమోదు కాదు. నమోదు కాక పన్ను నంబరు పోస్టులో రాదు. నంబరు ఇవ్వకపోతే జీతం లెక్కవేసేవాళ్లు మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ కోత పడే పన్ను తరగతిలో వేస్తారు. బ్యాంకు ఖాతా కూడా కొన్నిచోట్ల అక్కడే ఆగుతుంది. అందుకే గది మాట్లాడుకునేటప్పుడు అద్దెకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న: ‘ఈ చిరునామాతో నమోదు చేసుకోవచ్చా, కాగితం ఇస్తారా?’

గదిని మీరు గానీ, మీకు నమ్మకమైనవాళ్లు గానీ చూడకుండా డిపాజిట్ పంపొద్దు. తాళంచెవి చేతికొచ్చిన రోజునే, సామాను విప్పకముందే, గది మొత్తం వీడియో తీయండి. గోడల మీది గీతలు, కిటికీ గొళ్లెం, స్నానాలగదిలో చెమ్మ, పరుపు అడుగు భాగం, మీటరు రీడింగు అందులో ఉండాలి. ఆ రోజే యజమానికి ఈమెయిల్ చేయండి. ఫోన్లో వీడియో ఉన్నా అది ఎప్పుడు తీశారన్న వాదన వస్తుంది. ఈమెయిల్ మీద తేదీ ఉంటుంది కాబట్టి ఆ వాదనకు చోటుండదు.

ఆరోగ్య బీమా పత్రంలో చూడాల్సింది ప్రీమియం ఒక్కటే కాదు. అమెరికా జే-1 నిబంధన ప్రకారం ఒక్కో అనారోగ్యానికి లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్ల కవరేజీ ఉండాలి, మీరు ముందుగా భరించాల్సిన మొత్తం 500 డాలర్లు దాటకూడదు. ఏ దేశమైనా మూడు సంగతులు అడిగి తెలుసుకోండి: ముందు నుంచీ ఉన్న జబ్బుకు వర్తిస్తుందా, ఆస్పత్రికి నేరుగా చెల్లిస్తారా లేక మీరు కట్టి తర్వాత తెచ్చుకోవాలా, ఆఫీసుకు వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం ఎవరి ఖాతాలోకి వస్తుంది. రోజూ మందులు వాడేవాళ్లు డాక్టరు చీటీలో బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకెళ్లాలి. బ్రాండు పేర్లు దేశం దాటితే మారిపోతాయి.

క్రెడిట్ల ఒప్పందం

యూనివర్సిటీ క్రెడిట్ల కోసం చేసే ఇంటర్న్‌షిప్ అయితే, ఏం పని, ఎన్ని గంటలు, ఎన్ని క్రెడిట్లు అన్నది రాతపూర్వకంగా, వెళ్లకముందే ఖాయమై ఉండాలి. విద్యార్థులను చదువుకో ఇంటర్న్‌షిప్‌కో వేరే దేశానికి పంపే యూరప్ పథకం ఎరాస్మస్ ప్లస్‌లో దీన్ని లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. విద్యార్థి, పంపే యూనివర్సిటీ, తీసుకునే సంస్థ ముగ్గురూ సంతకం పెడతారు. యూరప్ క్రెడిట్ల లెక్కలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. వారానికి 40 గంటల చొప్పున 12 వారాలు చేస్తే 480 గంటలు, అంటే 16 నుంచి 19 క్రెడిట్లకు సరిపోయే పని. ఈ లెక్క చేతిలో ఉంటే, మీ యూనివర్సిటీ ఆరు క్రెడిట్లే ఇస్తానన్నప్పుడు మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

ఎక్కువమంది దెబ్బతినేది మధ్యలో. అనుకున్న ప్రాజెక్టు రద్దవుతుంది, లేదా టీమ్ మారుస్తారు. పని బాగానే సాగుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. చివర్లో రిపోర్టు ఒకటి, ఒప్పందం ఒకటి చెబుతుంటే క్రెడిట్లు ఆగుతాయి. పని మారిన వారంలోనే యూనివర్సిటీ కోఆర్డినేటర్‌కు ఈమెయిల్ రాయండి. ‘ముందు అనుకున్నది ఇది, ఇప్పుడు చేస్తున్నది ఇది, సూపర్‌వైజర్ ఫలానావారు, ఈ మార్పుకు మీ ఆమోదం కావాలి’ అంటే చాలు, నాలుగు వాక్యాలు. జవాబు వచ్చేదాకా గుర్తు చేస్తూనే ఉండండి. మౌనాన్ని అంగీకారం కింద లెక్కేసుకోవద్దు.

పనిలో

మొదటి వారంలో సూపర్‌వైజర్‌ను అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఇది: ‘నేను వెళ్లిపోయే రోజుకు ఏది పూర్తయి ఉంటే మీరు సంతోషిస్తారు?’ దీనికి జవాబు రాసిపెట్టుకుని, అదే రోజు ‘నాకు అర్థమైంది ఇది’ అని వారికి పంపండి. చాలామంది సూపర్‌వైజర్లకు కూడా ఆ మెయిల్ చూశాకే తాము అనుకుంటున్నదేమిటో స్పష్టమవుతుంది.

సందేహాలు అడగడంలో రెండు రకాల తప్పులు జరుగుతాయి. కొందరు ప్రతి ఐదు నిమిషాలకూ లేచి వెళ్తారు. ఎక్కువమంది మాత్రం అడిగితే తెలియనివాళ్లమని అనుకుంటారేమోనని రెండు మూడు రోజులు ఒక్కచోటే కూర్చుండిపోతారు. రెండోదే ఎక్కువ నష్టం. అరగంట సొంతంగా ప్రయత్నించి, అప్పటికీ కదలకపోతే అడగండి. అడిగేటప్పుడు ఏం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది అన్న మూడూ చెప్పండి. పరాయి భాషలో మాట్లాడటానికి తడబాటు ఉంటే ముందు రాసి పంపి, తర్వాత మాట్లాడండి.

ప్రతి వారం చివర అరగంట కేటాయించి డైరీ రాయడం మాత్రం దయచేసి మానొద్దు. రిపోర్టు, రెజ్యూమె, ఇంటర్వ్యూ, రికమెండేషన్ లెటర్ అన్నీ దీని మీదే నిలబడతాయి. ‘ఈ వారం కోడింగ్ చేశాను, మీటింగుకు వెళ్లాను’ అని రాస్తే పనికిరాదు. ఉదాహరణకు ఇలా ఉండాలి:

‘7వ వారం. పని: సెన్సర్ రీడింగుల్లో తప్పుడు విలువలను ఏరే స్క్రిప్టు. ముందు: 40 ఫైళ్లు చేత్తో చూడటానికి మూడు గంటలు. ఇప్పుడు: పది నిమిషాలు, అనుమానం ఉన్నవే మనిషి చూస్తున్నారు. నేను చేసింది: నియమాలు రాయడం, 200 పాత ఫైళ్లతో పరీక్ష. నేను చేయనిది: డేటాబేస్ భాగం. ఇరుక్కున్నచోటు: గడియారాన్ని గంట వెనక్కి జరిపిన రోజున గంట డేటా రెండుసార్లు లెక్కకు వచ్చింది. సాయం చేసింది: టెస్టింగ్ టీమ్.’

‘ముందు’, ‘నేను చేయనిది’ అన్న రెండు వరుసలే ఇందులో అసలైనవి. ముందు ఎంత సమయం పట్టేదో ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. అది లేకపోతే మీరు తెచ్చిన మార్పు ఎంతో చెప్పలేరు. మీరు చేయనిది రాసిపెట్టుకుంటే ఇంటర్వ్యూలో లోతుగా అడిగినప్పుడు మాట తడబడదు.

డైరీని సొంత నోటుబుక్కులో రాసుకోవచ్చు గానీ, గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటే కంపెనీ కోడ్, ఖాతాదారుల పేర్లు, ఇంకా విడుదల కాని ఉత్పత్తుల వివరాలు, తెర ఫొటోలు అందులోకి రాకూడదు. ఆఫీసు ఫైళ్లను సొంత ఈమెయిల్‌కు పంపుకోవడం చాలా కంపెనీల్లో ఒప్పంద ఉల్లంఘనే. మంచి ఉద్దేశంతో చేసినా అంతే. దేన్ని బయట చూపించవచ్చో చివరి నెలలో సూపర్‌వైజర్‌ను అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

సగం కాలం గడిచినప్పుడు అభిప్రాయం అడగండి. ‘నేను ఎలా చేస్తున్నాను?’ అంటే ‘బాగా’ అనే జవాబు వస్తుంది. ‘మిగిలిన ఆరు వారాల్లో ఏ ఒక్క విషయం మార్చుకుంటే నా పని మెరుగవుతుంది?’ అంటే పనికొచ్చే జవాబు వస్తుంది. జే-1 ఇంటర్న్‌షిప్ ఆరు నెలలు దాటితే మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి రాతపూర్వక మదింపు తప్పనిసరి. వాటి కాపీలు దాచుకోండి.

ఆఫీసు బయట

మొదటి కొన్ని వారాల ఉత్సాహం తగ్గాక దిగులు పట్టుకోవడం సాధారణం. మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్ 1960లోనే దీన్ని దశలవారీగా వివరించారు. రాబోతుందని ముందే తెలిస్తే, ‘ఈ దేశం నాకు పడదు, ఈ పని నాకు రాదు’ అన్న తీర్మానానికి ఆ వారంలోనే రారు. వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే సమయానికి, ఆఫీసుతో సంబంధం లేని మనుషులను కలిసే ఏర్పాటు ఒకటి పెట్టుకోండి. ఆట, భాషా తరగతి, స్వచ్ఛంద సేవ ఏదైనా ఫర్వాలేదు. కుదిరినప్పుడు వెళ్దామనుకుంటే మాత్రం కుదరదు. ఇంటికి ఫోన్ చేయడానికి కూడా వేళ పెట్టుకోవడం మంచిది. రోజంతా ఫోన్లోనే ఇంటి దగ్గర ఉంటే, మనిషి ఇక్కడ ఉన్నట్టూ కాదు, అక్కడ ఉన్నట్టూ కాదు. నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి దెబ్బతింటే యూనివర్సిటీ కౌన్సెలర్‌తోనో డాక్టరుతోనో మాట్లాడండి. చాలా యూనివర్సిటీలు విదేశంలో ఉన్న విద్యార్థులతో వీడియోలో మాట్లాడతాయి.

వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్, ఫీజు గడువు, ప్లేస్‌మెంట్ నమోదు తేదీలను వెళ్లకముందే క్యాలెండర్‌లో ఎక్కించండి. వీడియో ఇంటర్వ్యూలకు గడియారం మార్పుతో జాగ్రత్త. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. మధ్యలో ఉండే ఆ వారాల్లో యూరప్, అమెరికాల మధ్య అలవాటైన తేడాకు గంట అటూఇటూ అవుతుంది.

చివరి ఆరు వారాలు

ఈ భాగంలో వరుస తప్పితే డబ్బు, కాగితాలు రెండూ ఇరుక్కుంటాయి.

ఆరు వారాల ముందే అద్దె ఒప్పందం తీసి నోటీసు గడువు చూడండి. నెల చివరికి మాత్రమే ఖాళీ చేయాలన్న షరతు ఉంటే, ఒక్క రోజు ఆలస్యమైనా మరో నెల అద్దె పడుతుంది.

నాలుగు వారాల ముందు సర్టిఫికెట్ అడగండి. ‘ఫలానా వ్యక్తి మా దగ్గర ఇంటర్న్‌షిప్ చేశారు’ అన్న రెండు వాక్యాల కాగితం చాలాచోట్ల చెల్లదు. లెటర్‌హెడ్ మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, మొదలు, ముగింపు తేదీలు, వారానికి ఎన్ని గంటలు, విభాగం, చేసిన పనులు, వాడిన సాధనాలు, సంతకం పెట్టినవారి పేరు, హోదా, ఆఫీసు ఈమెయిల్ ఉండాలి. మీరే ముసాయిదా రాసి ఇస్తే చాలామంది సంతోషంగా దిద్ది సంతకం పెడతారు. ఎరాస్మస్ ప్లస్‌లో ముగిసిన ఐదు వారాల్లోగా ట్రెయినీషిప్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బాధ్యత సంస్థదే. జర్మనీలో ఇచ్చే పత్రంలో పొగడ్తకు స్థాయిలు ఉంటాయి. ‘ఎల్లప్పుడూ మాకు సంపూర్ణ సంతృప్తి కలిగేలా’ అన్న అర్థంలో రాస్తే అత్యుత్తమం. ‘మాకు సంతృప్తి కలిగేలా’ అని ఊరుకుంటే బొటాబొటీ మార్కు కింద లెక్క. చూడటానికి మర్యాదగానే ఉంటుంది కాబట్టి, ఆ దేశపు సహోద్యోగి ఒకరికి చదివించి, అవసరమైతే సవరణ అడగండి.

యూనివర్సిటీకి ఇచ్చే రిపోర్టు ముసాయిదాను కూడా ఇప్పుడే కంపెనీకి చూపించాలి. కొన్ని కంపెనీల్లో న్యాయ విభాగం చూడటానికే రెండు మూడు వారాలు పడుతుంది.

రికమెండేషన్ లెటర్ విషయం ఎదురుగా కూర్చుని అడగండి. ‘నా గురించి గట్టిగా రాయగలరనిపిస్తేనే ఒప్పుకోండి’ అనడం ఇద్దరికీ మేలు. ఒప్పుకున్నాక ఒక పేజీ నోటు ఇవ్వండి. అందులో మీరు చేసిన మూడు పనులు, ప్రతిదానికీ ఫలితం, మీరు వెళ్లాలనుకుంటున్న కోర్సు లేదా ఉద్యోగం ఉండాలి. వారి సొంత ఈమెయిల్ కూడా తీసుకోండి, ఆఫీసు ఈమెయిల్ ఉద్యోగంతో పాటే పోతుంది.

రెండు వారాల ముందు పని అప్పగింత పత్రం మొదలుపెట్టండి. ఫైళ్లు ఎక్కడున్నాయి, ఎలా నడపాలి, ఏది అసంపూర్తిగా ఉంది, తెలిసిన లోపాలేమిటి అన్నవి రాసి, ఆ పని తెలియని ఒకరికి ఇచ్చి వాళ్ల చేత నడిపించండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ మీ పత్రంలో ఒక మెట్టు తప్పిపోయిందని అర్థం.

జీతం చీటీలన్నీ చివరి రోజుకు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చాలా కంపెనీల్లో ఆ పోర్టల్ చివరి రోజు సాయంత్రమే మూసుకుపోతుంది, పన్ను వాపసుకు అవి కావాలి.

చివరి వారంలో ఈ వరుస పాటించండి. ముందు బ్యాంకు, ఈమెయిల్, యూనివర్సిటీ, ప్రభుత్వ పోర్టల్ ఖాతాలన్నిటిలో స్థానిక ఫోన్ నంబరు తీసేసి, సొంత నంబరు లేదా ఆథెంటికేటర్ యాప్ పెట్టండి. ఆ తర్వాతే సిమ్ రద్దు. సిమ్ ముందు పోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే బ్యాంకులో ఉన్న మీ డబ్బు మీకే అందదు. బ్యాంకు ఖాతాను చివరి జీతం, గది డిపాజిట్, పన్ను వాపసు వచ్చేదాకా మూయొద్దు. నెలనెలా రుసుము పడే ఖాతా అయితే రుసుము లేనిదానికి మార్చండి. చిరునామా నమోదు రద్దు చేయించుకోవాల్సిన చోట దాన్నీ పూర్తి చేయండి. జర్మనీలో దేశం వదిలి వెళ్లేవాళ్లు ఖాళీ చేయడానికి వారం ముందు నుంచి, ఖాళీ చేసిన రెండు వారాల లోపు ఇది చేయాలి. ఆ రసీదు ఉంటే జిమ్, ఇంటర్నెట్ ఒప్పందాల రద్దు అడగడానికి ఆధారంగా చూపించవచ్చు.

జే-1 వాళ్లకు కార్యక్రమం ముగిశాక 30 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఆ రోజుల్లో పని చేయకూడదు, దేశం దాటితే ఆ వెసులుబాటు మీద తిరిగి రాలేరు. తిరుగు ప్రయాణంలో పక్క దేశం చూసి వద్దామనుకునేవాళ్లు ఇది మరవొద్దు.

తిరిగొచ్చాక

రిపోర్టు మొదటి రెండు వారాల్లో ఇచ్చేయండి. తరగతుల ఒరవడిలో పడితే అది సెమిస్టర్ చివరికి జారుతుంది. సర్టిఫికెట్, గంటల లెక్క, ఒప్పందం, మార్పుకు ఆమోదం ఇచ్చిన ఈమెయిల్ జతచేసి, అందినట్టు జవాబు తీసుకోండి. మార్కుల జాబితాలో క్రెడిట్లు ఎక్కాయో లేదో మీ కళ్లతో చూసేదాకా ఆ పని అయినట్టు కాదు.

పన్ను సంగతి దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో జీతం తీసుకున్నవాళ్లకు యాజమాన్యం ఏడాది జీతం, కోసిన పన్ను చూపే డబ్ల్యూ-2 పత్రాన్ని జనవరి 31 లోపు పంపుతుంది. అది మీ కొత్త చిరునామాకు రావాలంటే వెళ్లేముందే హెచ్‌ఆర్‌కు చెప్పాలి. నాన్‌రెసిడెంట్‌గా, అంటే పన్ను లెక్కలో ఆ దేశ నివాసి కానివారిగా, 1040-ఎన్ఆర్ అనే పన్ను రిటర్ను ఏప్రిల్ 15 లోపు వేయాలి. జే-1 ఇంటర్న్‌లు ఆదాయం లేకపోయినా, అక్కడ ఉన్న రోజుల వివరాలు తెలిపే 8843 ఫారం పంపాలి. పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్ అయిన జే-1 ఇంటర్న్ జీతంలో సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) పన్నులు కోయకూడదు. కోసి ఉంటే ముందు యాజమాన్యాన్ని అడగండి, ఇవ్వకపోతే పన్ను శాఖను 843 ఫారంతో అడగవచ్చు. బ్రిటన్‌లో ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే పీ45 (జీతం, కోసిన పన్ను చూపే పత్రం) దాచుకుని, దేశం వదిలాక పీ85 ఫారంతో ఎక్కువ కోసిన పన్ను తెచ్చుకోవచ్చు. కెనడాలో అలాంటి జీతం పత్రమే అయిన టీ4 ఫిబ్రవరి చివరికి వస్తుంది, రిటర్ను గడువు ఏప్రిల్ 30. జర్మనీలో స్వచ్ఛందంగా వేసే రిటర్నుకు నాలుగేళ్ల గడువు ఉంది. జపాన్‌లో ఆరు నెలలు లేదా అంతకు మించి పింఛను చందా కట్టినవాళ్లు, వదిలి వచ్చిన రెండేళ్లలోపు ఏకమొత్తంగా వాపసు అడగవచ్చు.

డబ్బు కాగితాలు సర్దుకున్నా మనసు సర్దుకోవడానికి సమయం పడుతుంది. వెళ్లినప్పుడు వచ్చిన దిగులు తిరిగొచ్చాక మళ్లీ వస్తుందని సామాజిక శాస్త్రవేత్తలైన గల్లాహార్న్ దంపతులు 1963లోనే రాశారు. కొందరికి రెండోదే బరువుగా ఉంటుంది, ఎందుకంటే సొంతచోట ఇబ్బంది ఎదురవుతుందని ఎవరూ ఊహించరు. మీ అనుభవాలు వినాలన్న ఆసక్తి స్నేహితులకు ఒకటి రెండు రోజులే ఉంటుంది, అది వాళ్ల తప్పు కాదు. విదేశంలో ఇంటర్న్‌షిప్ చేసిన ఇతర విద్యార్థులను వెతికి కలవండి. వెళ్లబోతున్నవాళ్లకు దరఖాస్తుల్లో సాయం చేయండి. అక్కడ మొదలుపెట్టిన భాషను వారానికి రెండు గంటలైనా కొనసాగించండి, వదిలేస్తే ముందు పోయేది మాట్లాడే ధైర్యమే.

రెజ్యూమెలో ‘డేటా విశ్లేషణలో టీమ్‌కు సహకరించాను’ అన్న వాక్యం చదివేవారికి ఏమీ చెప్పదు. పైన చూపిన డైరీ నుంచి అదే సంగతి ఇలా వస్తుంది: ‘సెన్సర్ రీడింగుల తనిఖీకి స్క్రిప్టు రాశాను. 200 పాత ఫైళ్లతో పరీక్షించాను. 40 ఫైళ్ల తనిఖీ మూడు గంటల నుంచి పది నిమిషాలకు తగ్గింది.’ దేశం పేరు ఒక్కసారి, కంపెనీ వరుసలో వస్తే చాలు. ఇంటర్వ్యూలో ‘విదేశీ పని సంస్కృతి నేర్చుకున్నాను’ అనే బదులు, వేరే భాషవాళ్లతో ఒక విషయంలో అపార్థం ఎలా వచ్చింది, దాన్ని ఎలా సరిదిద్దారు అన్నది ఒకటి వివరంగా చెప్పండి.

సూపర్‌వైజర్‌కు తిరిగొచ్చిన మూడు వారాల్లోగా ఒక ఈమెయిల్, క్రెడిట్లు వచ్చాక ఒకటి, ఆ తర్వాత ఆర్నెల్లకొకటి చాలు. వారు నేర్పినదాన్ని ఎక్కడ వాడారో ఒక్క వాక్యం రాయండి. లెటర్ అవసరమైనప్పుడు గడువుకు కనీసం మూడు వారాల ముందు రాసి, చివరి నెలలో ఇచ్చిన ఆ ఒక పేజీ నోటునే మళ్లీ జతచేయండి. కోర్సు పేరు, గడువు తేదీ, లెటర్ ఎక్కించాల్సిన లింకు ఈమెయిల్ మొదటి రెండు వాక్యాల్లోనే ఉండాలి. వారం ముందు ఒకసారి గుర్తు చేయండి, ఫలితం వచ్చిన రోజున అది ఏదైనా సరే వారికి తెలియజేయండి.